రెండో సూది

చిన్నకోడలికి ఆ ఉద్యోగం ఇప్పించింది తోడికోడలే. ఇప్పించేటప్పుడు ఒక్క మాట మాత్రం అంది. "చేరు, మంచిదే. కానీ ఆ ఆఫీసు సంగతులు నా దగ్గర ఎత్తకు." చిన్నకోడలు సరేనంది. కొత్తగా పెళ్ళయి, ఆ ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో ఇంకా పూర్తిగా తెలియని రోజులవి. ఎవరేమడిగినా సరే అనే రోజులు.

ఆ కంపెనీ ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి పెడుతుంది. పెద్దకోడలు అందులో చాలా ఏళ్ళు పనిచేసి, ఒకనాడు ఉన్నట్టుండి మానేసి, వీధిగదిలో కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంది. దిండు గలేబులు, కర్టెన్లు, బడిపిల్లల బట్టలు కుట్టేది. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకి "నడుం నొప్పి" అని చెప్పేది. రోజంతా మిషను మీదికి వంగి కూర్చుంటే నడుం నొప్పి ఎలా తగ్గుతుందో ఎవరికీ అంతుబట్టలేదు. అత్తగారొక్కతే "కూర్చుంటే వచ్చిన నొప్పి కాదులే అది" అని ఊరుకునేది.

మానేసేటప్పుడు పెద్దకోడలు ఆఫీసులో ఒకదాన్ని వదిలి వచ్చింది. దాని పేరు పిచ్చుక. అదొక చిన్న కోడ్ లైబ్రరీ, అంటే పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఇమిడి ఒకే పని చేసే చిన్న ప్రోగ్రాము, కాగితం మీద అచ్చువేస్తే పట్టుమని పది పేజీలుండదు. వార్డులో నర్సు కంప్యూటరు ముందు కూర్చుని ఫలానా మంచం మీద మనిషికి ఫలానా రక్తపరీక్ష అని నొక్కితే, ఆ రిక్వెస్టు పట్టుకెళ్ళి రోడ్డవతల ల్యాబు కంప్యూటరుకు అందించి, "అందింది" అన్న జవాబు పట్టుకురావడం దాని పని. జవాబు రాకపోతే కాసేపాగి మళ్ళీ పంపుతుంది. అక్కడ ల్యాబులో చీటీ అచ్చవుతుంది. రక్తం తీసే మనిషి ఆ చీటీ పట్టుకుని వార్డుకు వస్తాడు. అప్పట్లో మేనేజరు ఈ మాత్రం పనికి ఏదో పెద్ద సరంజామా కొనుక్కొద్దామంటే పెద్దకోడలు "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు సార్, నేను రాస్తాను" అందిట. రాసింది. ఆ మాటే దానికి పేరైపోయింది.

చిన్నకోడలు చేరిన కొన్నాళ్ళకే పిచ్చుకను ఆమె ఒళ్ళో పెట్టారు. "మీ ఇంటి పిల్లే కదా, మీరే చూసుకోండి" అన్నాడు మేనేజరు, పెద్ద హాస్యం ఆడినట్టు నవ్వి. అప్పటిదాకా దాన్ని చూసుకున్న కుర్రాడు ఆ నవ్వులో కలవకుండా తన సంచీ సర్దుకుని ఇంకో అంతస్తుకు వెళ్ళిపోయాడు. అతని మొహంలో అంత తేలిక ఎందుకో ఆమెకు మర్నాడు పొద్దున ఫోను మోగినప్పుడు తెలిసింది.

ఫోను చేసింది మూడో వార్డు నర్సు. గొంతు బొంగురుగా, నిదానంగా ఉంది.

"అమ్మా, మళ్ళీ రెండు చీటీలొచ్చాయి. ఒక మనిషి వచ్చి రక్తం తీసుకెళ్ళాడు. కాసేపటికి ఇంకో మనిషి ఇంకో చీటీతో వచ్చాడు. నేను పక్క మంచం దగ్గరున్నా, చూళ్ళేదు. ఆ పిల్లకి రెండో చేతికి కూడా పొడిచేశాడు."

"చూస్తాను సిస్టర్."

"అందరూ అలాగే అంటారమ్మా. నీకు ముందున్నతను కూడా చాలా బాగా చూసేవాడు."

చూసింది. రోజూ చూసింది. పొద్దుటిపూట వార్డులన్నీ ఒక్కసారే పరీక్షలు నొక్కుతాయి. ల్యాబు కంప్యూటరుకు ఊపిరాడదు. రిక్వెస్టు అందుకుంటుంది, చీటీ అచ్చేస్తుంది, కానీ "అందింది" అని చెప్పడానికి ఆలస్యం చేస్తుంది. పిచ్చుక కాసేపు చూసి, పాపం అందలేదేమోననుకుని ఇంకోసారి పంపుతుంది. అప్పుడు రెండో చీటీ, రెండో సూది. తప్పు ఎక్కడుందో తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఏం చెయ్యాలో తెలియకే తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంట్లోనే ఉందిగా మీ అక్క, అడగరాదూ?" అనేవాళ్ళు ఆఫీసులో. ఆమె నవ్వి ఊరుకునేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధిగదిలో మిషను టకటకమంటూ ఉండేది. పెద్దకోడలు తలెత్తి "వచ్చావా, టీ ఫ్లాస్కులో ఉంది" అనేది. చిన్నకోడలు టీ పోసుకుని ఆ గది గడప మీదే కూర్చుని, కత్తిరించి పడేసిన గుడ్డముక్కల్ని ఏరి సంచిలో వేస్తూ తాగేది. నోటిదాకా వచ్చిన మాట టీతో పాటు లోపలికి పోయేది. మాటిచ్చింది కదా. పైగా, ఇచ్చిన మాటకంటే లోతుగా ఇంకోటుంది. అక్క చేసిన పని తనకు చేతకావడం లేదని అక్క ముందే ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

వారాలు గడిచాయి. ఆదివారం కూడా ఫోను మోగేది. ఆమె భర్త మొదట్లో "పాపం" అన్నాడు, తర్వాత "ఆ ఫోను కాస్త అవతల పెట్టు" అన్నాడు, ఆ తర్వాత ఏమీ అనడం మానేశాడు. అద్దంలో చూసుకుంటే కళ్ళ కింద చారలు. తలదువ్వుకుంటూ మధ్యలో ఆగిపోయి, దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయేది. అత్తగారు అటుగా పోతూ "దువ్వెన ఎక్కడికీ పోదమ్మా, కూర్చుని దువ్వుకో" అనేది.

చివరికి ఒక సాయంత్రం, నర్సు రెండుసార్లు ఫోను చేసిన రోజున, చిన్నకోడలు విసిగిపోయి పిచ్చుక మళ్ళీ పంపే ఆ భాగాన్ని ఆపేసింది. ఒక్కసారే పంపుతుంది. అందితే అందింది, లేకపోతే లేదు. ఇంటికి వచ్చి తిని పడుకుంది. చాలా రోజుల తర్వాత ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున ఫోను మోగలేదు. ఆమె ఇడుమలు తీరాయనుకుంది. మధ్యాహ్నం మోగింది.

"ఇవాళ రెండు సూదులు పడలేదమ్మా" అంది నర్సు. "ఒక్కటీ పడలేదు."

కిటికీ పక్క మంచం మీది పెద్దాయనకు పరగడుపున తీయాల్సిన పరీక్ష. పొద్దున్నే నొక్కారు. సరిగ్గా అప్పుడే ల్యాబులో కంప్యూటరు ఆగిపోతే మళ్ళీ వేస్తున్నారట. రిక్వెస్టు గాల్లో కలిసిపోయింది. చీటీ లేదు, మనిషి రాలేదు. పెద్దాయన మాత్రం ఎవరో వస్తారు, వచ్చాక తినొచ్చని చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు. నర్సు వేరే వార్డులో మనుషులు తక్కువైతే అటు వెళ్ళింది. ఎండెక్కాక ఆయన నీళ్ళగదికి వెళ్ళబోయి తలుపు దగ్గర కళ్ళు తిరిగి పడ్డాడు.

"దెబ్బలేమైనా..." అంది చిన్నకోడలు.

"మోచెయ్యి కొట్టుకుపోయింది. ఎముకలకేం కాలేదు. నన్ను తిడతాడేమోనని చూశా. తిట్టలేదు. 'నేనే ముందు అడగాల్సిందేమోనమ్మా' అన్నాడు. నువ్వేం మార్చావో నాకు తెలీదుగానీ, మళ్ళీ పాతదే పెట్టెయ్యి. రెండు సూదులకి నేను తిట్లు తింటాలే."

చిన్నకోడలు పాతదే పెట్టేసింది. కుర్చీలో కాసేపు ఉండి, మేనేజరుకు తలనొప్పని చెప్పి బయల్దేరింది.

వీధిగదిలో పెద్దకోడలు ఏదో నీలం కర్టెనుకు అంచు కుడుతోంది. చిన్నకోడలు చెప్పులు కూడా విడవకుండా గడప మీద చతికిలబడింది. మిషను ఆగింది.

"ఎవరికేమైంది?" అంది పెద్దకోడలు.

"ఆ సంగతులు ఎత్తొద్దన్నావుగా అక్కా."

"నువ్వెత్తలేదు. నేనడుగుతున్నాను."

అంతే, చిన్నకోడలు చెప్పేసింది. పొద్దుటి చీటీలు, పిల్ల చేతికి రెండు సూదులు, తను ఆపేసిన సంగతి, తలుపు దగ్గర పడ్డ పెద్దాయన. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడుపు కూడా అలసిపోయిన ఏడుపు. వెక్కిళ్ళు లేవు, కళ్ళు కారుతూ పోయాయంతే. అత్తగారు లోపల్నుంచి వచ్చి, ఇద్దర్నీ చూసి, గ్లాసుడు నీళ్ళు గడప మీద పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు కర్టెను మడిచి పక్కన పెట్టింది. ఆ మడవడం చాలాసేపు మడిచింది.

"నేను కూడా ఒకసారి ఆపాను" అంది. "నీలాగే. నాకైతే ఒక బాలింత పరీక్ష తప్పిపోయింది. ఆవిడకేం కాలేదులే, సాయంత్రానికి కనిపెట్టారు. అప్పుడు కూర్చుని ఆలోచించా. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండుసార్లు పంపితే ఒకరికి నొప్పి. పంపకపోతే ఒక మనిషి ఎవరికీ గుర్తులేకుండా ఉండిపోతాడు. నొప్పే నయం అనుకున్నా. తెలిసే అలా వదిలేశా."

"అందలేదని నర్సుకి చెబితే సరిపోదా?"

"చెబితే ఏం చేస్తుంది? మళ్ళీ నొక్కుతుంది. పిచ్చుక పంపినా, ఆవిడ నొక్కినా చీటీ రెండోదే."

చిన్నకోడలు నీళ్ళు తాగింది. "మరి దారే లేదా?"

"ఉంది. మళ్ళీ పంపే ముందు, మొదటిది చేరిందో లేదో చూడాలి. ఈ మనిషి పేర చీటీ ఉందా అని ల్యాబు కంప్యూటర్నే అడగాలి. ఉందంటే నోరు మూసుకోవాలి, లేదంటేనే పంపాలి." పెద్దకోడలు వేలితో కర్టెను అంచు నిమిరింది. "కానీ ల్యాబువాళ్ళ మిషనుకి అప్పట్లో పుచ్చుకోవడమే తెలుసు, చూపించడం తెలీదు. అది పెట్టమని వాళ్ళని అడిగాను, మన మేనేజర్ని అడిగించాను. వాళ్ళు వీళ్ళని అడగమంటారు, వీళ్ళు వాళ్ళని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రోజూ పొద్దున ఫోను మోగితే, ఇవాళ ఎవరి చెయ్యో అనుకుంటూ లేచేదాన్ని. ఓ రోజు ఇంక లేవలేకపోయాను. నడుం నొప్పన్నాను."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఇప్పుడు పెట్టారేమో" అంది చిన్నకోడలు.

"పెట్టి ఉంటే నీ పుణ్యం. ఫోను చేసి మాత్రం అడక్కు. లేదంటారు. లేదనడం వాళ్ళకి తేలిక. వెళ్ళి వాళ్ళ తెర చూడు."

మర్నాడు చిన్నకోడలు ఆఫీసుకు వెళ్ళకుండా తిన్నగా ల్యాబుకు వెళ్ళింది. కింది అంతస్తులో గాజు కిటికీ వెనక ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. బట్టతల, మెడకు పట్టీ, పక్కన చీటీలు అచ్చేసే చిన్న మిషను గరగరమంటోంది. ఆమె ఫలానా కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే అతని మొహం ముడుచుకుంది.

"రెండేసి చీటీలు పంపేది మీరేనా?"

"మేమేనండి."

"తిట్లు తినేది మేమమ్మా. రక్తం తీసే కుర్రాళ్ళు వచ్చి నా మీద పడతారు. ఇక్కడ చూడు." విసుగ్గా తెర ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో ఈ పేరు రెండుసార్లుంది. నేను ఖాళీగా ఉంటే ఒకటి కొట్టేస్తాను. పొద్దున పూట నాకు ఖాళీ ఎక్కడుంటుంది?"

చిన్నకోడలు తెర వైపే చూస్తోంది. ఆ రోజు చీటీ వచ్చినవాళ్ళ పేర్లన్నీ వరుసగా ఉన్నాయి, రక్తం తీసేసినవాళ్ళ పక్కన టిక్కుతో. మంచం నంబరు, పరీక్ష పేరు, చీటీ ఎప్పుడు వచ్చిందీ.

"ఈ లిస్టు ఎప్పట్నుంచి వస్తోందండి?"

"చాన్నాళ్ళయింది. కొత్త కంప్యూటరు వేసినప్పుడు వచ్చింది."

"బయటివాళ్ళు కూడా చూడొచ్చా? అంటే, మా కంప్యూటరు అడిగితే ఇస్తుందా?"

"ఎందుకివ్వదు? పై అంతస్తు డాక్టర్లు వాళ్ళ గదుల్లోంచి చూస్తున్నారుగా." గుమాస్తా మెడ పట్టీ సర్దుకున్నాడు. "ఇంతకాలం ఎవరూ అడగలేదు."

ఆమెకు సంతోషం రావాలి, రాలేదు. అక్క అడిగి అడిగి అలిసిపోయి మానేసిన తర్వాత, ఎవరికీ చెప్పకుండా, ఎవరికోసమో అన్నట్టు అది వచ్చి కూర్చుంది. పై అంతస్తులో ఉండే కంప్యూటర్ల మనిషి దగ్గరికి వెళ్ళి ఆ లిస్టును అడిగే పద్ధతి కనుక్కుంది. అతను ఒక కాగితం ముక్క మీద రాసిచ్చి, అంతలోనే ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

మేనేజరు విని గడ్డం గోక్కున్నాడు. "మంచి ఆలోచనే. ఈ నెలాఖరు పనులు అయ్యాక చూద్దాం."

"అయ్యేలోగా ఇంకెవరైనా పడితే, నర్సుకి మీ నంబరు ఇస్తాను సార్" అంది. ఆమె కోపంగా అనలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. మేనేజరు ఆమె మొహం చూసి, సరే కానివ్వమన్నాడు.

రాయడానికి పెద్ద శ్రమేం కాలేదు. శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాపు తెచ్చి వీధిగదిలో కుట్టుమిషను పక్కన పెట్టింది. చూడమని అడగలేదు. పెద్దకోడలు చేతిలో పని ముగించి, వేళ్ళకంటిన నూనె గుడ్డకు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని తనే వంగింది. పైనుంచి కిందికి చదువుతూ పోయింది. ఒకచోట "ఇది నేనే రాశానా? ఎంత కంగారులో ఉన్నానో" అని గొణుక్కుంది.

"చేరిందో లేదో చూడమని అడుగుతున్నావు, బాగుంది" అంది చివరికి. "ఆ అడిగినదానికీ జవాబు రాకపోతే?"

"ఊరుకుంటుంది."

"ఎందుకు ఊరుకోవడం? మళ్ళీ అడగనీ. చూడటం ఎన్నిసార్లైనా చూడొచ్చు, చూసినంతమాత్రాన ఎవరికీ సూది పడదు. పంపడం దగ్గరే జాగ్రత్త. కాకపోతే వెంటవెంటనే అడక్కు. మొదట కాస్త ఆగి, తర్వాత ఇంకాస్త ఆగి అడుగు. అది అసలే సతమతమవుతుంటే మనం మీదపడి ఊపిరాడకుండా చెయ్యకూడదు. మరీ చాలాసేపు పలక్కపోతే అప్పుడు నర్సుకి చెప్పు. ఊరికే అందలేదని కాదు, 'తెలియడం లేదు, ల్యాబుకి ఫోను చెయ్యండి' అని."

చిన్నకోడలు అలాగే మార్చింది. పెద్దకోడలు ఇంకోసారి చదివింది. లోపల్నుంచి అత్తగారు "మిషను చప్పుడు లేదేంటి, కరెంటు పోయిందా?" అని కేకేసింది. "నీ కోడళ్ళ కరెంటు పోయింది" అని పెద్దకోడలు జవాబిచ్చింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అక్క అలా పరాచికమాడటం చిన్నకోడలు వినడం అదే మొదటిసారి.

కొత్తది పెట్టిన రోజు పొద్దున చిన్నకోడలు మూడో వార్డుకు వెళ్ళి కూర్చుంది. ఇన్నాళ్ళూ గొంతుగా మాత్రమే తెలిసిన నర్సు పొట్టిగా, బొద్దుగా ఉంది. కాళ్ళకు వదులు చెప్పులు.

"నువ్వేనా?" అంది నర్సు. "గొంతు విని పెద్దావిడవనుకున్నా."

"మీతో మాట్లాడాక అలా అయింది సిస్టర్."

నర్సు నవ్వింది. చేతిలో ట్రేతో వెళ్ళిపోయింది. పొద్దుటి హడావిడి మొదలైంది. మంచాల మధ్య బండ్లు తిరిగాయి, పరీక్షలు నొక్కారు. చిన్నకోడలు తన ల్యాప్‌టాపులో చూస్తూ కూర్చుంది. ల్యాబు కంప్యూటరు ఎప్పట్లాగే నసిగింది. పిచ్చుక జవాబు కోసం ఆగింది, లిస్టు అడిగింది, పేరు ఉందని తెలుసుకుని ఊరుకుంది. ఒకటి నిజంగానే చేరలేదు. చూసి, లేదని తెలుసుకుని మళ్ళీ పంపింది. ఒక్కో మంచం దగ్గరికి ఒక్కో మనిషి ఒక్కో చీటీతో వచ్చి వెళ్ళాడు. వార్డులో ఎవరూ ఏమీ గమనించలేదు. గమనించడానికి ఏం జరిగిందని? ఒక ముసలమ్మ చేతికి దూది అదుముకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. పెద్దాయన కిందటి రోజే ఇంటికి వెళ్ళాడని నర్సు చెప్పింది. చిన్నకోడలు ఆయన్ని చూడాలనుకునే వచ్చింది. చూసి ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

హడావిడి తగ్గాక నర్సు వచ్చి బల్ల మీద పక్కన కూలబడింది. చెప్పులు విడిచి పాదాలు ఒకదాంతో ఒకటి రుద్దుకుంది.

"ఇవాళ ఒక్కటీ రెండోది రాలేదు" అంది.

"రాలేదు."

"రేపు కూడా రాదా?"

"రాకూడదు. వస్తే ఫోను చెయ్యండి."

"ఇది రాకపోతే ఇంకోటేదో వస్తుందిలే. మా వార్డు ప్రింటరు చూశావుగా, పొద్దుట్నుంచి కాగితం మింగి కూర్చుంది." నర్సు గోడకు తలాన్చి కళ్ళు మూసుకుంది. చిన్నకోడలూ ఆన్చింది. ఎవరో పిలిచేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

రెండు మూడు వారాలు చూసి మేనేజరు ఆమెను పిలిచాడు. పని బాగా కుదిరిందన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. "మీ అక్కగారు ఇందులో చెయ్యి వేశారని విన్నాను. తిరిగి వస్తారేమో కనుక్కోండి. ఆవిడ కోరినట్టే చేద్దాం."

సాయంత్రం చిన్నకోడలు ఆ మాట అలాగే అక్కకు చేరవేసింది. పెద్దకోడలు సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించాకే తలెత్తింది.

"రానని చెప్పు."

"ఎందుకని అడిగితే?"

"నడుం నొప్పని చెప్పు." తర్వాత కొంచెం మెత్తగా అంది. "పిచ్చుక గురించి నువ్వేమైనా అడగాలనుకుంటే అడుగు. చూస్తాను. కానీ పొద్దున్నే ఫోను మోగే ఆ బతుకు నాకొద్దు. నువ్వు కూడా ఎన్నాళ్ళు చేస్తావో చూసుకో. నీ మొహం చూస్తే భయమేస్తోంది. ముందో సెలవు పెట్టు."

చిన్నకోడలు పెట్టింది. ఆ రోజు అత్తగారు ఇంట్లో ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. పెద్దకోడలు మిషను జోలికి పోకుండా చేత్తో బొత్తాలు కుట్టుకుంది. మధ్యాహ్నం ఎండ గదిలోకి వచ్చి కాళ్ళ మీద పడ్డాక చిన్నకోడలు లేచి, జుట్టు ముడేసుకుంటూ వీధిగదిలోకి వచ్చింది.

"నిద్ర పట్టిందా?" అంది పెద్దకోడలు.

"పట్టింది. చాల్లేదు."

"ఒక్కరోజుతో చాలదు. అన్నం తిని మళ్ళీ పడుకో."

ఆమె తిన్నది. గిన్నె కడగబోతే అత్తగారు చేతిలోంచి లాక్కుంది. మళ్ళీ వెళ్ళి పడుకుంది.